కోర్టు లేచేదాకా

కేసు ఎక్కడిదాకా వచ్చిందో ఒకసారి చూసుకుందాం. ఆరేళ్లు గడిచాయి, నలభై ఒక్క వాయిదాలు పడ్డాయి, ఇద్దరు జడ్జీలు బదిలీ అయిపోయారు. రెండువేల మూడు మార్చిలో ఒక సోమవారం పొద్దున, పదకొండు గంటలకు, మూడో జడ్జి చక్రపాణి నేరం చేశాడని తేల్చాడు. షామీర్‌పేట అవతల ఉన్న బండ క్వారీ చక్రపాణిది. బండలో మందు కూరిన తూటాలు పేల్చేముందు ఒక మనిషి ఎర్రగుడ్డ పట్టుకొని బాటకు అడ్డంగా నిలబడాలి. ఇంటికి చుట్టాలొచ్చారని, ఆ మనిషిని కోళ్లు కోయడానికి పంపించి తూటాలు పేల్పించాడు. కౌకూర్‌లో ఇంటింటికీ పాలు పోసి, ఖాళీ క్యాన్లతో సైకిల్ మీద వస్తున్న జంగయ్య తలకు రాయి తగిలింది. అక్కడికక్కడే ప్రాణం పోయింది. ఇదంతా రుజువైంది.

శిక్ష గురించి ఏమైనా చెప్పుకుంటావా అని జడ్జి అడిగితే, చక్రపాణి చేతులు కట్టుకొని ముసలితల్లి ఉందన్నాడు, షుగరు ఉందన్నాడు, ఇదే మొదటి తప్పన్నాడు. జడ్జి రాసుకొని, రాసుకున్నది చదివాడు. కొంత జరిమానా, దాంతోపాటు కోర్టు లేచేదాకా సాధారణ జైలు.

జంగయ్య భార్య సత్యమ్మ గోడకానుకొని నిలబడి వింది. జైలన్నారు కాబట్టి బేడీలు వేస్తారనుకుంది. బేడీలు రాలేదు. కానిస్టేబుల్ శంకరయ్య వచ్చి, గోడవార బెంచీ మీద కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లను లేపి, "ఇట్ల కూసోండి పటేలా" అన్నాడు. చక్రపాణి భుజం మీది కండువాతో బెంచీ దులుపుకొని కూర్చున్నాడు. జడ్జి తరువాతి కేసు పిలవమన్నాడు.

సత్యమ్మ వరండాలోకి పరుగెత్తి, ప్రభుత్వం తరఫు వకీలు వెంకటరామయ్యను పట్టుకుంది. అందరూ ఆయన్ని పీపీ సారంటారు. ఇంకో ఏడాదికి రిటైరవుతాడు. ఎవరేమడిగినా చేతి గడియారం చూసుకుంటూ జవాబు చెప్పడం ఆయనకు అలవాటు.

"సారూ, జైలుకు ఎప్పుడు తీస్కపోతరు?"

"ఎక్కడికీ తీసుకుపోరమ్మా. అదే జైలు. సాయంత్రం జడ్జిగారు పని ముగించి లేచేదాకా ఆ బెంచీ మీద కూర్చోవాలి. అయిదింటికి ఇంటికెళ్లిపోవచ్చు."

"గా బెంచీ మీదనా?"

"ఆ."

"ఆరేండ్ల సంది గదే బెంచీ మీద నేను కూసుంటున్న గద సారూ! మరి నాకెందుకేసిన్రు జైలు?"

వెంకటరామయ్య గడియారం మీదినుంచి చూపు ఎత్తాడు. ఆయనా మనిషే. జంగయ్య ఫొటో ఉన్న కాగితాలకట్టను ఆరేళ్లుగా చంకలో పెట్టుకు తిరిగినవాడు. కాస్త ఓపిక తెచ్చుకొని చెప్పాడు.

"చట్టం పగ తీర్చుకోదమ్మా. శిక్ష దేనికంటే, చేసినవాడు మారాలి, చూసినవాళ్లు భయపడాలి. మరీ ప్రమాదకరమైన మనిషైతే నలుగురిలో లేకుండా ఉంచాలి. ఈయన కత్తితో పొడవలేదు కదా. అజాగ్రత్త. రెండేళ్ల దాకా వెయ్యొచ్చు, ఇట్లా కూర్చోబెట్టి వదిలెయ్యనూ వచ్చు. అది జడ్జిగారి ఇష్టం."

"మారిండా సారూ ఆయన? నిన్న ఐతారం గూడ తూటలు వేల్చిన్రు. బాట మీద ఒక్క మనిషి లేడు, ఒక్క ఎర్రగుడ్డ లేదు. నేను కండ్లార సూసిన. భయపడ్డోళ్లు ఎవరో జెర నాకు జూపియ్యి."

"నాతో అంటే ఏం లాభం?"

"నాకు పగ లేదు సారూ. ఉరి దియ్యమంటలేను. నా మొగడు కోడి గాదు, మనిషని గాయనతోటి ఎవరన్న అనాలె. గంతే. గది మీ సట్టంల లేదా?"

వెంకటరామయ్య గడియారం చూసుకున్నాడు. "పదకొండున్నర. ఇంకా అయిదున్నర గంటలుంది కదా. కూర్చోనీ. మధ్యాహ్నం జడ్జిగారు అన్నానికి లేచినా ఆయన శిక్ష ఆగదు. అన్నం కూడా శంకరయ్య కళ్లముందే తినాలి. అంత తేలికేం కాదు" అని, తానే నమ్మని ఆ మాట అనేసి లోపలికి పోయాడు.

సత్యమ్మ పెద్దకొడుకు భాస్కర్ మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. పాతికేళ్లవాడు. తల్లి మొహం చూసి దగ్గరికొచ్చాడు.

"పోదాం పా అమ్మా. అయిపాయె గద. ఇగ ఈ కోర్టు మొకం సూసేది లేదు."

"ఏడికి పోతం? ఆయన లేచేదాక నేను లేవ. ఎంతసేపు కూసుంటడో అంతసేపు సూస్త."

"సూసి ఏం జేస్తవే?"

"గదే జేస్త. సూస్త."

ఇదేం పంతం అని మీకనిపించవచ్చు. కానీ ఆమె వైపు నుంచి ఆలోచించండి. గుండ్లపోచంపల్లి గోదాముల్లో మూటలు కుట్టే పని మానుకొని, రెండు బస్సులు మారి, కాళ్లరిగేలా తిరిగితే, ప్రభుత్వం ఆమెకిచ్చింది అయిదున్నర గంటలు. చక్రపాణి దగ్గర చక్రపాణికి ఇష్టం లేకుండా ఎవరైనా ఏదైనా తీసుకోవడం ఆమె ఎరిగినంతలో ఇదే మొదలు. అందులో ఒక్క నిమిషం కూడా తగ్గడానికి వీల్లేదనుకుంది. ఇంతకన్నా న్యాయమైన కోరిక ఆ రోజు ఆ కోర్టులో ఇంకొకటి లేదని నేననుకుంటున్నాను.

లోపలికి వచ్చి చక్రపాణికి ఎదురు బెంచీ మీద కూర్చుంది. ఆయన యాభై దాటిన మనిషి, తెల్లచొక్కా, తెల్లపాంటు, నున్నగా గీసిన గడ్డం. జంగయ్య పోయిననాడు ఆయనకు క్వారీ ఒక్కటే ఉండేది. ఇప్పుడు దుండిగల్ దాకా పొలాలు కొని ప్లాట్లు చేసి అమ్ముతున్నాడు, మండల ఎన్నికల్లో పోటీ చేసి గెలిచాడు కూడా. కేసు నడిచిన ఆరేళ్లూ ఆయనకు బాగానే కలిసొచ్చాయి. ఊరివాళ్లు నలుగురైదుగురు వచ్చి, వంగి దండం పెట్టి, "మంచిగైంది పటేలా, పీడ వోయింది" అని పలకరించి పోయారు. శంకరయ్య చాయ్ తెప్పించాడు.

జడ్జి మిగతా కేసులు చూస్తున్నాడు. బోరుబావి మోటారు ఎత్తుకుపోయిన ఒకడు నేరం ఒప్పుకున్నాడు. వాడికీ ఇంట్లో తల్లి ఉంది. మూడు నెలల కఠిన జైలు పడింది. గుడుంబా కాచి అమ్మిందని పట్టుకొచ్చిన ముసలామెకు నెల రోజులు. ఆమెకూ షుగరు ఉందేమో, ఎవరూ అడగలేదు. మోటారుకు మూడు నెలలు, సారాకు నెల, మనిషికి ఒక పూట. జడ్జి చెడ్డవాడని కాదు. పొద్దునే వచ్చి, బల్ల మీద కట్టలన్నీ చూసి, ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా ఇంటికి పోయే మనిషే. మనిషి ప్రాణం పోయిన కేసుల్లో చేసింది పెద్దమనిషైతే ఆయన కలం దానంతటదే మెత్తబడుతుంది, అంతే. ఆ సంగతి ఆయనకే తెలియదు.

పన్నెండున్నరకు కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. చక్రపాణి మెడ మీద చెమట పట్టింది. కండువాతో తుడుచుకున్నాడు, మళ్లీ పట్టింది. బెంచీకి ఆనుకునే చెక్క లేదు, గోడేమో సున్నం రాలుతోంది. నడుము అటూ ఇటూ కదుపుకుంటున్నాడు. సత్యమ్మకు ఆరేళ్లలో మొదటిసారి కడుపులో కొంచెం చల్లగా అనిపించింది. అందుకు ఆమె సిగ్గుపడలేదు. మీరూ ఆమె తరఫున సిగ్గుపడనక్కర్లేదు.

ఒంటిగంటన్నరకు జడ్జి భోజనానికి వెళ్లాడు. భాస్కర్ "చాయ్ తాగొస్త" అని అంతకు కాస్త ముందే బయటికి పోయాడు. సత్యమ్మ వరండా చివర కూర్చొని రొట్టె మూట విప్పింది. రెండు ముక్కలు తిన్నదో లేదో, శంకరయ్య, అతని వెనకాలే చక్రపాణి, వెనక గేటువైపు నడుస్తూ కనిపించారు. గేటు అవతల తెల్ల సుమో ఆగి ఉంది. చక్రపాణి వెనకసీట్లో ఎక్కాడు. శంకరయ్య తలుపు వేసి సెల్యూట్ కొట్టాడు. దుమ్ములో ముందుసీట్లో ఎవరున్నారో ఆమెకు కనిపించలేదు. బండి వెళ్లిపోయింది.

రొట్టె అక్కడే వదిలేసి పరుగెత్తింది.

"ఓ పోలీసాయనా, ఆయనను ఏడికి తోలిచ్చినవ్?"

"అన్నం తినొస్తడు. నీకేం వరేషాన్?"

"నీ ముంగటనే తినాలంటగద!"

"ఏందే, నాకు డ్యూటీ నేర్పుతవా? పో, నీ రొట్టె కాకి తీస్కపోతది."

రెండున్నరకు కోర్టు మళ్లీ మొదలైంది. బెంచీ ఖాళీ. జడ్జి తల ఎత్తలేదు. ఏదో భూమి కొట్లాటలో దెబ్బలు తిన్న సాక్షి ఒకడు బోనెక్కాడు. వెంకటరామయ్య అతన్ని ప్రశ్నలడుగుతున్నాడు, జడ్జి చెప్తుంటే టైపు చేసే అమ్మాయి కొడుతోంది. మూడయింది. ఎవరో వచ్చి చక్రపాణి చోట్లో సంచీ పెట్టుకున్నారు. మూడుంబావు అయింది. హాలు నిండా మనుషులు. ఆ చోటు ఖాళీగా ఉందని తెలిసింది ఇద్దరికి. ఒకరు సత్యమ్మ, రెండోవాడు అది తెలియనట్టు కిటికీలోంచి చూస్తున్న శంకరయ్య.

సాక్షి నీళ్లు తాగడానికి ఆగినప్పుడు సత్యమ్మ వెంకటరామయ్య కోటు అంచు పట్టుకుంది.

"సారూ, ఆయన లేడు."

వెంకటరామయ్య బెంచీవైపు చూశాడు. చూసినవాడు వెంటనే కాగితాల్లోకి తల దించుకున్నాడు.

"చూశాను. ఉండమ్మా, ఈ సాక్షి అయిపోనీ."

"గంతల్ల ఐదు కొడుతది సారూ!"

"మధ్యలో లేస్తే జడ్జిగారికి కోపమొస్తుంది. అయిపోనీ, నువ్వే చెప్పుకో. నేను అడ్డం రాను."

అడ్డం రాకపోవడమే మహా ఉపకారం అన్నట్టు చెప్పాడు. సత్యమ్మ తిరిగొచ్చి కూర్చుంది. భాస్కర్ పక్కనుంటే ధైర్యంగా ఉండేదనుకొని గుమ్మంవైపు పదిసార్లు చూసింది. నాలుగింటికి సాక్షి బోను దిగుతుండగా, మెట్ల మీద కొడుకు కనిపించాడు. గబగబా బయటికి వెళ్లింది.

"ఏడికి వోయినవ్‌రా? గాయన..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. భాస్కర్ నుదుటి మీద ఎర్రగా కుంకుమ ఉంది. అక్షింతల బియ్యపు గింజ ఒకటి దానికి అతుక్కొని ఉంది.

"చాయ్ తాగొచ్చిన" అన్నాడు భాస్కర్.

"రెండున్నర గంటల చాయా? చాయ్ బండికాడ బొట్లు వెడుతున్నరా?"

భాస్కర్ చప్పున చేత్తో తుడుచుకున్నాడు. కుంకుమ చెంపదాకా పాకింది. తరవాత, ఎప్పటినుంచో నోటిదాకా వచ్చి ఆగిన మాటలేమో, ఒక్కసారిగా చెప్పేశాడు.

"దుండిగల్ కాడ పటేలు కొత్త ప్లాట్లు జేస్తుండు. ఇయ్యాల మూడింటికి భూమిపూజ. మూర్తం ముందుగాల్నే వెట్టుకున్నరు, పోక తప్పదన్నడు. నేనే బండి తోలిన."

"నువ్వు తోలినవా?"

"నెల దినాల సంది తోలుతున్న. నీకు జెప్పలె. గోదాముల లారీ అని అబద్ధమాడిన."

సత్యమ్మ వరండా స్తంభాన్ని పట్టుకుంది.

"నాయిన తల వలగొట్టినోని బండి!"

"మరి ఏం జెయ్యాల్నే? ఆరేండ్ల సంది నీతోటి తిరిగిన. యాడ వనికి వోయినా వాయిదా వాయిదాకు నాగ. నాగ వెట్టేటోన్ని ఎవడు వెట్టుకుంటడు? ఫ్యాక్టరీల తీసేసిన్రు, లారీ మీదికెల్లి తీసేసిన్రు. పెండ్లాం వురిటికి వోయింది. ఊరు ఊరంతట నన్ను విలిచి పని ఇచ్చింది గాయనొక్కడే. శిక్ష వడ్డది ఆయనకు గాదమ్మా, మనకు వడ్డది. ఆరేండ్లు మనమే జైల్ల ఉన్నం. ఇగ నన్ను ఇడిసివెట్టు."

ఆ మాటల్లో అబద్ధం లేదు. ఉంటే ఆమెకు కొంచెం తేలికగా ఉండేది.

"నీ నాయిన తిరిగొస్తడని నేను తిరుగుతలేన్రా" అంది మెల్లగా. "పూజకాడ ఆయన్నేమన్న అడిగినవా? నా తండ్రికి నువ్వు కూసోవలసింది ఈ ఒక్క పూట గద పటేలా, గది గూడ కూసోవా అని అడిగినవా?"

భాస్కర్ తల తిప్పుకున్నాడు. అడగలేదు. కొబ్బరికాయలు అందించాడు.

సత్యమ్మ చెంగు బిగించుకొని లోపలికి నడిచింది. గుమ్మం దాటగానే కాళ్లు ఆగాయి. గోడవార బెంచీ మీద, సంచీ పక్కకు జరిపి, చక్రపాణి కూర్చొని ఉన్నాడు. తల్లీకొడుకులు వరండాలో పోట్లాడుకుంటున్నంతసేపట్లో వెనక తలుపు గుండా వచ్చేశాడు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చొని విసనకర్రలా కండువా ఊపుకుంటున్నాడు. నుదుటి మీద కుంకుమ నిండుగా ఉంది.

ఇంకొకరైతే అక్కడితో ఊరుకునేవాళ్లు. సత్యమ్మ నేరుగా జడ్జి బల్ల ముందుకు పోయి నిలబడింది. బంట్రోతు సిద్దిరాములు "ఏయ్, ఏయ్" అంటూ అడ్డొచ్చాడు.

"ఏమిటమ్మా?" అన్నాడు జడ్జి.

"సారూ, గాయన ఒంటిగంటన్నరకు వోయిండు. గిప్పుడొచ్చిండు. మీరేసిన శిక్ష ఆయన కూసోలె."

హాల్లో నవ్వులు లేచాయి. జడ్జి కళ్లజోడు సర్దుకొని బెంచీవైపు చూశాడు.

"అక్కడే ఉన్నాడు కదా. శంకరయ్యా?"

"ఈడనే ఉన్నడు సార్. అన్నం గూడ నా ముంగటనే తిన్నడు."

"పీపీగారూ, మీరేమంటారు?"

"నేను సాక్షిని విచారిస్తున్నాను సార్. అటువైపు చూడలేదు" అన్నాడు వెంకటరామయ్య.

"నొసలు సూడున్రి సారూ" అంది సత్యమ్మ. "పొద్దుగాల ఖాళీగుండె. మీరు శిక్ష సదివినప్పుడు ఖాళీగుండె. ఈ గోడకు కూసున్నోనికి కుంకుమ ఎవరు వెట్టిన్రు? ఇయ్యాల దుండిగల్‌ల భూమిపూజ జేసొచ్చిండు."

చక్రపాణి లేచి, వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"అమ్మకు ఒంట్లో బాగలేదని ఇంటి దగ్గర పూజ చేయించారు సార్. మనిషితో కుంకుమ పంపించారు, పెట్టుకున్నాను. ఆమె బాధలో ఉంది. నేను తప్పుపట్టను సార్."

చూశారా, ఎంత పెద్దమనసో! జడ్జికి ఆ వినయం నచ్చింది. "సరేనమ్మా, వెళ్లి కూర్చో" అన్నాడు. సత్యమ్మ కదల్లేదు.

"నా కొడుకున్నడు సారూ. అంత సూసిండు. పిలిచి అడుగున్రి."

ఎందుకు పిలిచిందో నాకు తెలుసు. పనికోసం కొడుకు ఎంత దిగజారినా, నలుగురిలో, ఇంత పెద్ద కోర్టులో, తండ్రి పేరు చెప్పి నిలబెడితే అబద్ధమాడడనుకుంది. తల్లికి ఆ మాత్రం నమ్మకం ఉండదా. సిద్దిరాములు గుమ్మంలోకి వెళ్లి పిలిచాడు. భాస్కర్ వచ్చి బోనెక్కాడు. చెంప మీద ఎర్రమరక అలాగే ఉంది.

"పేరు?" అన్నాడు బెంచి క్లర్కు.

"భాస్కర్."

"తండ్రి పేరు?"

"జంగయ్య." ఒక్క క్షణం ఆగి, "లేడు" అన్నాడు.

లేట్ జంగయ్య అని రాసుకున్నాడు క్లర్కు.

"ఏమయ్యా" అన్నాడు జడ్జి. "ఈ చక్రపాణి మధ్యాహ్నం నుంచి కోర్టు దాటి వెళ్లాడా? నువ్వు చూశావా?"

భాస్కర్ ముందు తల్లివైపు చూశాడు. తరవాత బెంచీవైపు చూశాడు. చక్రపాణి అతనివైపు చూడనే లేదు, చేతిగోళ్లు చూసుకుంటున్నాడు. చూడవలసిన అవసరం లేదని ఆయనకు తెలుసు.

"లేదు సార్. ఈడనే ఉన్నడు." అన్నాడు భాస్కర్. "నాయిన వోయిన కాడికెల్లి మా అమ్మకు మనసు మంచిగ లేదు సార్."

సత్యమ్మ కొడుకును కొట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. అతను అక్కడ లేనట్టే జడ్జివైపు తిరిగింది. ఆరేళ్లుగా మింగింది మొత్తం ఇప్పుడు బయటికొచ్చింది.

"గిది కోర్టా సారూ? మీరు రాసిన కాయిదానికి మీరే ఇజ్జత్ ఇస్తలేరు. గాయన ఇయ్యలె. పోలీసాయన ఇయ్యలె. మీ వకీలు ఇయ్యలె. గా కాయిదానికి ఇజ్జత్ ఇచ్చింది నేనొక్కదాన్నే. అన్నం ఇడిసివెట్టి కావలి గాసిన. మీకు శిక్ష ఎయ్యనీకి శాతగాకుంటే ఎయ్యకున్రి. ఏసినట్టు నాటకమెందుకు?"

జడ్జి మొహం కందగడ్డలా అయింది. ఇరవై ఏళ్ల సర్వీసులో ఆయన్ని ఎవరూ ఇలా అనలేదు. ఆమె అన్న మాట తప్పైతే బహుశా నవ్వి ఊరుకునేవాడు.

"కోర్టు హాల్లో కోర్టును అవమానించినందుకు" అని మొదలుపెట్టాడు. క్లర్కు రాస్తున్నాడు. "ఈమెను కోర్టు లేచేదాకా కస్టడీలో కూర్చోబెట్టండి."

క్లర్కు కలం ఒక క్షణం ఆగింది. అదే మాట పొద్దున కూడా రాశాడు. తలెత్తి జడ్జిని చూసి, మళ్లీ తలదించుకొని రాసేశాడు. మనిషిని చంపితే ఎంతో, చంపినవాడు శిక్ష ఎగ్గొట్టాడని చెప్తే అంతే.

శంకరయ్య ఆమె రెక్క పట్టుకొని గోడవార బెంచీ దగ్గరికి తీసుకొచ్చాడు. ఇంకెక్కడా ఖాళీ లేదు. చక్రపాణి కండువా ఒళ్లోకి తీసుకొని జరిగాడు.

"రా సత్తెమ్మా, జాగ ఉన్నది, కూసో" అన్నాడు చిన్నగా.

కూర్చుంది. ఇద్దరి మధ్య జానెడు దూరం లేదు. ఆయన దగ్గర అగరొత్తులు, కొబ్బరినీళ్లు వాసన వేస్తున్నాయి. భాస్కర్ ఎప్పుడు బయటికి వెళ్లిపోయాడో ఎవరూ చూడలేదు. వెంకటరామయ్య మాత్రం ఆ తరువాత రెండు కేసుల్లోనూ సెక్షన్ల అంకెలు తప్పు చదివాడు.

అయిదయింది. జడ్జి కలం మూసి లేచాడు. అందరూ లేచారు. చక్రపాణి కూడా లేచి, ఒళ్లు విరుచుకొని, శంకరయ్య భుజం తట్టి, ఎవరి కోసమూ ఆగకుండా మెట్లు దిగిపోయాడు. హాలు ఖాళీ అవుతోంది. సత్యమ్మ లేవలేదు.

"లే, నీది అయిపోయింది" అన్నాడు శంకరయ్య.

"నాది అయిపోయింది. గాయనది గాలె."

"పిస లేసిందా? తలుపు ఎయ్యాలె, లే."

"గాయన రెండున్నర గంటలు కూసోలె. మిగిలింది ఎవరో ఒకరు కూసోవాలె గద. నేను కూసుంట. మీరు తాళం ఏసుకొని పోన్రి."

కేకలు వెయ్యలేదు, ఏడవలేదు. పనికి వచ్చిన మనిషి పని గురించి చెప్పినట్టు చెప్పింది. తన గది తెర మీద చెయ్యి వేసిన జడ్జికి ఆ మాటలు వినిపించాయి. ఆయన వెనక్కి చూశాడు. ఆమెను చూశాడు, ఖాళీ బెంచీలు చూశాడు. గది కిటికీలోంచి బయట సుమో కనిపిస్తోంది. బానెట్ మీద పసుపు, కుంకుమ. ముందు అద్దానికి ఇంకా వాడని బంతిపూల దండ. పొద్దున అసలు ఆ బండే అక్కడ లేదు. చక్రపాణి వెనక తలుపు తీసుకొని ఎక్కుతున్నాడు. స్టీరింగు ముందు, చెంప మీద ఎర్రమరకతో, ఇందాక బోనులో నిలబడి ఇక్కడనే ఉన్నాడన్న కుర్రాడు కూర్చొని ఉన్నాడు.

జడ్జి తెర వదిలేసి, వచ్చి మళ్లీ తన కుర్చీలో కూర్చున్నాడు.

"సిద్దిరాములూ, ఆయన్ని పిలువు."

సిద్దిరాములు వరండాలోకి పరుగెత్తి, ముప్ఫై ఏళ్లుగా ఎవరినైనా మూడేసిసార్లు పిలిచే పద్ధతిలో గొంతెత్తి మొదటిసారి పిలిచాడు. "చక్రపాణీ!"

బండి అప్పటికే స్టార్టయింది. భాస్కర్ విన్నాడు. తెరిచి ఉన్న హాలు తలుపులోంచి లోపలి గోడ కనిపిస్తోంది. ఆ గోడవార బెంచీ మీద తల్లి ఒక్కతే ఉంది. బయటికి చూడటం లేదు, కొడుకు కోసం వెతకటం లేదు. చేతులు ఒళ్లో పెట్టుకొని ఎదురుగా చూస్తూ కూర్చుంది.

"పోనియ్ బిడ్డా, మనకెందుకు" అన్నాడు చక్రపాణి వెనకనుంచి, అతని భుజం మీద చెయ్యేసి.

భాస్కర్ గేరు మీద చెయ్యి పెట్టాడు. రెండో పిలుపు వినిపించింది.